జంపఖానా అంచున పదకొండు జతలు

గోదావరిఖని
29 జనవరి 1974

చిరంజీవి ఉమామహేశ్వర్‌కు విశాలాక్షి అత్తమ్మ ఆశీస్సులు.

నేను ఉత్తరం రాసి తొమ్మిదేళ్లయింది. మీ నాన్న, అంటే మా అన్న, పోయినప్పుడు రాశాను. ఆ తర్వాత కలం పట్టవలసిన పని పడలేదు. ఇప్పుడు ఎందుకు పట్టానంటే, నువ్వు మీ మామయ్యకు రాసిన ఉత్తరం మూడు రోజులుగా గడియారం కింద పడి ఉంది. "నీ అన్న కొడుకే కదా, నువ్వే రాయి" అన్నారు. బొగ్గుబాయి ఆఫీసులో పొద్దంతా వందల మంది హాజరు రాసే మనిషికి ఇంట్లో ఒక కార్డు రాయాలంటే చెయ్యి నొప్పి. నోటితో చెప్పి పంపుదామంటే నా గొంతు వంటింటి గడప దాటదని మీరంతా నవ్వుతారు. కాగితం మీద గొంతు చిన్నదా పెద్దదా అని ఎవరూ అడగరు. అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం పైన అచ్చు చూశాను. విశ్వవిద్యాలయ విద్యార్థి వాద్యబృందం అని సన్నగా, నాయకుడు ఉమామహేశ్వర్ అని లావుగా. బాగుంది.

మొన్న ఇరవయ్యో తేదీ ఆదివారం ఇక్కడి క్లబ్బు హాలులో మీరు వాయిస్తుండగా, ముందు జంపఖానా మీద కూర్చున్న పదకొండు మంది మధ్యలో ఎందుకు లేచిపోయారు, వాళ్ల పేర్లేమిటి అని అడిగావు. నేను ఆడవాళ్ల వైపు కూర్చొని అంతా చూశాను. ముప్పైరెండు మంది పిల్లలు చెమటలు కారుస్తూ వాయిస్తుంటే వాయించనివాడివి నువ్వొక్కడివే. చేతిలో ఒక పుల్ల. చప్పట్లు కొట్టినప్పుడు వంగి నమస్కారం పెట్టింది మాత్రం నువ్వు. ఇక నీ సొంత కల్పన, 'మేఘాగమనం'. మేఘం రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చినుకు పడలేదు.

మొదట లేచినవాడు నర్సింగం సర్దారు. మీ బృందంలో క్లారినెట్ వాయించే రాయమల్లు తండ్రి. సర్దారంటే బాయి లోపల ఒక జట్టుకు పెద్ద. కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చెయ్యొచ్చు, ఇక్కడ వద్దు అని చెప్పే మనిషి. ఆయనకు చెవి ఉంది. ఆయన లేస్తే వెంట ఉన్న జట్టంతా లేచింది. నాకూ లేవాలనే అనిపించింది కానీ తలుపు దగ్గర బెంచీ అడ్డముంది. రాయమల్లు సెలవులకు వచ్చినప్పుడే ఇంట్లో చెప్పి ఉంటాడు మీ మేఘం సంగతి. వాళ్లు సిద్ధపడే వచ్చినట్టున్నారు. ఇందులో ఇంతకన్నా పరిశోధన అక్కర్లేదు.

సోఫాల్లోని ఆఫీసర్లు చివరిదాకా కదల్లేదు అని రాశావు. వాళ్లు నిద్రపోయారు నాయనా. వాళ్ల మెడలోనే నువ్వు దండలు వేశావు.

మెస్సులో పెరుగు పులిస్తే పోసుకోకు. నీకు చిన్నప్పటి నుంచి పడదు.

ఇట్లు
మీ అత్తమ్మ విశాలాక్షి


హైదరాబాదు
5 ఫిబ్రవరి 1974

అత్తమ్మకు నమస్కారాలు.

మామయ్యను అడిగితే మీరు జవాబిచ్చారు. సంతోషం. మేఘం గురించి మీరు రాసినదానికి నేను నొచ్చుకోలేదు. మీరు భజన దాటి సంగీతం వినలేదు, అది మీ తప్పు కాదు.

మా బృందం ఎట్లా నడుస్తుందో మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మాకు ప్రొఫెసర్లు లేరు. పాట ఎంచుకోవడం నుంచి రైలు టికెట్ల దాకా అంతా విద్యార్థులదే. తలకొక ఓటు. ఏడాదికొకసారి నాయకుణ్ణి ఎన్నుకుంటాం. మార్చి ఎనిమిదిన మళ్లీ ఎన్నిక, ఏప్రిల్‌లో ఢిల్లీ పోటీ. ముప్పైరెండు చేతులను ఒక్క చెయ్యిగా చెయ్యడానికి నేను రెండేళ్లు పడ్డ పాట్లు ఆ పుల్లలో ఉన్నాయి. బొగ్గు తప్ప ఇంకో నలుపు తెలియనివాళ్ల ముందు వాయించడం నా పొరపాటు. మా అత్తమ్మ ఊరని మొహమాటపడ్డాను.

శనివారం మీటింగులో మీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. మీరు ఎంత వెక్కిరించినా అందులో ఒక నిజం రాశారు. వాళ్లు సిద్ధపడే వచ్చారని. నా అనుమానమూ అదే. రాయమల్లును నిలబెట్టి అడిగాను.

"మీ నాయనకు ముందే చెప్పినవా?"

"లేదన్నా."

"మరెందుకు లేచిపోయిండు?"

క్లారినెట్ పెట్టె చేతిలో పట్టుకొని నేల చూస్తూ నిలబడ్డాడు. పావుగంట అడిగాం. పెళ్లి బ్యాండులో నేర్చుకొని వచ్చినవాణ్ణి నా పక్కన నిలబెట్టుకున్నందుకు నాకు దక్కిన మర్యాద అది.

మీరు చూడనివి కూడా ఉన్నాయి. లేచినవాళ్లు చెప్పులు వదిలిపోయారు. జంపఖానా అంచున, సరిగ్గా వేదిక కింద, పదకొండు జతలు, నేను నమస్కారానికి వెనక్కి తిరిగేసరికి నా మొహానికి ఎదురుగా. అంతకన్నా బాహాటంగా ఎవరైనా ఎట్లా అవమానిస్తారు? ఆ చెప్పులు గోనెసంచిలో వేసుకొని వచ్చాను. సాక్ష్యానికి మా ఆఫీసు గదిలో ఉన్నాయి. అంతేకాదు, అలికిడికి తల తిప్పి చూస్తే, ఆ ముసలాయన మళ్లీ తలుపు దగ్గరికొచ్చి, నేను చేతులు కదిపినట్టే చేతులు ఊపి నన్ను అనుకరిస్తున్నాడు. అది చూసి రాయమల్లుకు నవ్వు ఆగలేదు. వాడి స్వరం అక్కడే పగిలింది. నేను విన్నాను.

రాయమల్లును తీసేశాం. హాస్టల్లో గది బృందంలో ఉన్నవాళ్లకే కాబట్టి నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. నర్సింగం అనే సర్దారు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలని కంపెనీ పెద్ద ఆఫీసరుకు ఫిర్యాదు టైపు చేయించాను. ఇరవై నాలుగున మీటింగులో అందరూ సంతకాలు పెట్టగానే పోస్టులో వేస్తాం.

మీ
ఉమామహేశ్వర్


గోదావరిఖని
11 ఫిబ్రవరి 1974

ఉమామహేశ్వర్‌కు,

ఆశీస్సులు తర్వాత రాస్తాను.

నీకు రాసిన ఉత్తరాన్ని ముప్పైరెండు మంది ముందు చదివావు. నేను ఇంట్లో జడ విప్పుకొని కూర్చుంటే తలుపు తీసి ఊరిని పిలిచినట్టుంది. అందులో రాయమల్లు గురించి రాసిన మాట నేను చూసింది కాదు, విన్నది కాదు. నిన్ను గిల్లడానికి రాశాను. పూజ గదిలో కూర్చొని రాశాను కూడా. నా వెటకారం పట్టుకొని నువ్వు ఒక పిల్లవాడి గది లాక్కున్నావు. నాలో ఎంత బుద్ధి తక్కువో ఇప్పుడు తెలిసింది. నీలో ఎంత తక్కువో నీ ఉత్తరం చెప్పింది.

చెప్పుల మాట నాకు తెలియదు. అది చదివాక రెండు రోజులు నాకు జపం మీద మనసు నిలవలేదు. విసుగొచ్చి లేచే మనిషి ముందుగా చెప్పులు వెతుక్కుంటాడు. కోపమొచ్చి లేచేవాడూ అంతే. క్లబ్బు బయట మైదానం ఎట్లా ఉంటుందో నువ్వు జీపు దిగి చూడలేదు. అంతా కాలిన బొగ్గు చిట్టెం పెళ్లలు, సీమతుమ్మ ముళ్లు. పదకొండు మంది ఒట్టి కాళ్లతో దాంట్లోకి పోయారు. నిన్ను అవమానించడానికి తమ కాళ్లలో ముళ్లు దించుకుంటారా? నువ్వు అంతటివాడివని నువ్వు అనుకుంటున్నావు, వాళ్లెందుకు అనుకుంటారు?

నర్సింగం భార్య మల్లక్క పొద్దున్నే మాకు పెరుగు పోస్తుంది. అడిగాను.

"మీ ఆయన ఆనాడు ఎందుకు లేచిపోయిండు మల్లక్కా?"

"పానం బాగలేకుండె అమ్మా."

"పదకొండు మందికీ ఒక్కసారే బాగలేకుండెనా?"

మల్లక్క పెరుగు కొలిచే గ్లాసు కింద పెట్టింది. "అమ్మా, పెరుగు పోస్త. మాట పొయ్య" అంది.

పదేళ్లలో మల్లక్క నాతో అట్లా మాట్లాడలేదు. ఏదో ఉంది. ఏమిటో తెలిసేదాకా ఆ ఫిర్యాదు పోస్టులో వెయ్యకు. నీకు అంతగా ఎవరి చేతనైనా క్షమాపణ రాయించుకోవాలని ఉంటే నేను రాస్తాను. లావు అక్షరాలతో రాస్తాను.

అత్తమ్మ


హైదరాబాదు
16 ఫిబ్రవరి 1974

అత్తమ్మకు,

మీరు పరిశోధన అక్కర్లేదని రాసి ఇప్పుడు చెప్పుల మీద పరిశోధన మొదలుపెట్టారు. బాగానే ఉంది. కానీ నాయకుడన్నవాడు పెరుగు అమ్మే ఆమె ముఖం మాడిందని నిర్ణయాలు మార్చుకోడు. ఇవాళ మార్చుకుంటే రేపు తబలావాడు కూడా నా పుల్ల చూడడు.

మీకు ఇంకా అనుమానముంటే ఇది వినండి. రాయమల్లు మొన్న వచ్చి బృందం తెల్లచొక్కా తిరిగిచ్చాడు. ఉతికి, ఇస్త్రీ చేసి, బొత్తాములన్నీ పెట్టి మడిచి ఇచ్చాడు. జేబులో చీటీ ఉంది. "ఉమన్నా, ఆనాడు నీ ముక్కల నా స్వరం ఒకటి పగిలింది. మాఫ్ చెయ్యి." అంతే. తప్పు చెయ్యనివాడు మాఫ్ ఎందుకు అడుగుతాడు?

బృందం బాగానే ఉంది. అందరం రాయమల్లు క్లారినెట్‌కే శ్రుతి కలుపుకునేవాళ్లం కాబట్టి కొంచెం ఇబ్బంది ఉంది. వయొలిన్ల వాళ్లలో ఇద్దరు ఒకరి శ్రుతి ఒకరు ఒప్పుకోవడం లేదు. తాత్కాలికమే.

ఇరవై నాలుగున సంతకాలు. సోమవారం పోస్టు. మీరిక దీని గురించి రాయవద్దు.

ఉమామహేశ్వర్


గోదావరిఖని
21 ఫిబ్రవరి 1974

ఉమా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. ఇది ఎక్స్‌ప్రెస్ డెలివరీలో వేయిస్తున్నాను. మీ మామయ్య స్వయంగా పోస్టాఫీసుకు పోతానన్నారంటే సంగతి ఎంతటిదో తెలుసుకో. ఆయనకు లోపలి మాట తెలియదు. నా మొహం చూసి చెప్పులు వేసుకున్నారు.

రాయమల్లు సోమవారం ట్రంకుపెట్టెతో ఇల్లు చేరాడు. తండ్రి "ఎందుకచ్చినవు బిడ్డా" అంటే "సెలవులు" అన్నాడట. ఫిబ్రవరిలో ఏం సెలవులో ఆయన అడగలేదు.

నిన్న శివరాత్రి. పొద్దున్నే గోదావరి స్నానానికి పోయాను. మల్లక్క నా వెనకే మెట్ల దాకా వచ్చింది. స్నానమైంది, దొన్నెలో దీపం వెలిగించి నీళ్లలో వదలబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, గీ దీపం మీద ఒట్టు. ఎవ్వలకు చెప్పనంటెనే చెప్త" అంది. చెప్పనన్నాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను. నోటితో కదా చెప్పనన్నది, రాస్తే తప్పులేదు అని శివుడితో లాయరు మాటలు మాట్లాడను. ఒట్టు తిన్నాను, తప్పుతున్నాను. దాని ఫలం నాది. నువ్వు విను.

రెండేళ్ల కింద నర్సింగం జట్టు పనిచేసే చోట పైకప్పు పడింది. ఆ పొద్దున ఆయన కర్రతో తట్టాడు. గట్టి రాయైతే ఖంగుమంటుందట, లోపల విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుందట. ఖంగుమంది. చెయ్యండి అన్నాడు. అరగంటకు పడింది. ఎల్లన్న అనే అతను పోయాడు. పది అడుగుల దూరంలో నర్సింగం ఉన్నాడు. విచారణ జరిగి, ఎవరి తప్పూ లేదు, ఏ కర్రకూ అందని పగులు అది అని తేల్చారు. అందరూ ఒప్పుకున్నారు. నర్సింగం ఒప్పుకోలేదు.

అప్పటి నుంచి ఆయనకు డొల్ల చప్పుడు వినబడితే చాలు, లేస్తాడు. వారానికి రెండుసార్లో మూడుసార్లో. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. ఆయన లేచి బయటికి నడిస్తే జట్టు మొత్తం నడుస్తుంది. జట్టు కట్టుబాటు అది. పార, తట్ట, నీళ్ల సీసా, ఏది చేతిలో ఉంటే అది అక్కడే వదలాలి. వెనక్కి చూడొద్దు, ఎందుకని అడగొద్దు. బయటికొచ్చాక నర్సింగం తలలు లెక్కపెడతాడు. లెక్క సరిపోతే అందరూ కూర్చుంటారు. ఆ పోయిన టైము మధ్యాహ్నం తిండి మానేసి పూడ్చుకుంటారు. మల్లక్క ఒకసారి వాళ్లను అడిగిందట, ఉత్తగనే లేపుతుంటే మీకు కోపం రాదా అని. "బొగ్గు తక్కువైతె రేపు తవ్వుకుంటం వదినా" అన్నారట.

ఈ సంగతి జట్టు బయట ఎవరికీ తెలియదు. పైవాళ్లకు తెలిస్తే దవాఖానకు పంపి అన్‌ఫిట్ చేస్తారు. సర్దారీ పోతుంది, బాయి పోతుంది. నీ ఫిర్యాదు అందితే ఆఫీసరు పిలిచి, ఎందుకు లేచినవు నర్సింగం అని అడుగుతాడు. ఆయనకు అబద్ధం రాదు. "భయమైంది సార్" అంటాడు. అంతే సంగతి.

ఇక నీ మేఘం. మధ్యలో అందరినీ ఆపించి, పెద్ద డ్రమ్ము మీద మెత్తగా కొట్టించావు గుర్తుందా? ఆ వేదిక ఒట్టి బల్లలు, కింద అంతా ఖాళీ. నాకు చప్పుడు వినిపించింది. నర్సింగానికి పైకప్పు వినిపించింది. లేచాడు. కొడుకు కచేరీ అని ఉతికిన బట్టలు కట్టుకొని జట్టును వెంటపెట్టుకొచ్చిన మనిషి. వాళ్లు ఎక్కడున్నామని చూసుకోలేదు. ఆయన లేచాడు, లేచారు. చెప్పులు వదిలారు. నువ్వు గోనెసంచిలో కట్టుకుపోయింది అదీ.

బయట ముళ్లలో నిలబడి లెక్కపెట్టాడు. తనతో పదకొండు. సరిపోయింది. కూర్చోబోయి, కొడుకు లోపలే ఉన్నాడని గుర్తొచ్చింది. పరుగెత్తి తలుపు దగ్గరికొచ్చాడు. చేతులు ఊపింది నిన్ను వెక్కిరించడానికి కాదు. కొడుకును రమ్మని.

ఆనాడు మల్లక్క ఆడవాళ్ల వెనక, తలుపు పక్కనే నిలబడి చూసిందట. ఆమె చెప్పిన మాట ఆమె నోటి మాటగానే రాస్తాను. "పోరడు సూసిండమ్మా. నాయన రమ్మంటున్నడు, ఆ ఉమన్న కర్రతోని ఉండుమంటున్నడు. నాయన ఏడుస్తున్నడు. పోరడు కర్ర దిక్కే సూసిండు. ఊదుకుంటనే ఉన్నడు."

స్వరం పగిలింది అప్పుడు.

నువ్వు రాయమల్లును ఎవరి మాట విన్నందుకు తీసేశావో తెలుసా? నీ మాట.

మీటింగులో తండ్రి సంగతి చెబితే గది నిలిచేది. చెప్పలేదు. చీటీలో మాఫ్ అడిగింది కూడా స్వరానికి. అది నిజంగా పగిలింది కాబట్టి. నీకు శ్రుతి ఎక్కడిదో ఇప్పుడైనా తెలిసిందా?

మూడు పనులు చెయ్యి. ఫిర్యాదు చింపు. పిల్లవాణ్ణి పిలిపించుకో. చెప్పులు పంపు. ఎందుకు అని ఎవరు అడిగినా చెప్పకు. నేను చెప్పిన కారణం నీకు మాత్రమే. ఈ కాగితం మీటింగులో చదివావంటే ఇక నాకు అన్న కొడుకు లేడు.

విశాలాక్షి


హైదరాబాదు
10 మార్చి 1974

అత్తమ్మకు,

మీ ఉత్తరం ఇరవై మూడున అందింది. వెంటనే జవాబు రాయలేకపోయాను.

ఫిర్యాదు చింపేశాను. ఇరవై నాలుగున అందరూ పెన్నులు తీసుకొని వచ్చారు. రాయమల్లును తీసేయడం నా తప్పు, అతన్ని పిలిపిస్తున్నాను అని చెప్పాను. కారణం అడిగారు. చెప్పలేను అన్నాను. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత నవ్వారు. మొన్నటిదాకా సాక్ష్యాలని గోనెసంచి విప్పి చూపించినవాడివి ఇప్పుడు చెప్పలేనంటావా అన్నారు. వెనక నుంచి తబలా వాయించేవాడు "మేఘం వచ్చింది, చినుకు పడలేదు" అన్నాడు. మీ వాక్యమే. నేను చదివిందే. గది గదంతా పడిపడి నవ్వింది.

అక్కడే చెప్పేద్దామనుకున్నాను అత్తమ్మా. అబద్ధం ఎందుకు? నోటి దాకా వచ్చింది. చెబితే అందరూ మూగబోతారని, నన్ను గౌరవిస్తారని తెలుసు. మీ కాగితం జేబులోనే ఉంది. తీయలేదు.

నా టెలిగ్రాం అందిన మూడో రోజు రాయమల్లు వచ్చాడు. నేను స్టేషనుకు పోయాను. ట్రంకుపెట్టె నేను అందుకోబోతే "బరువుందన్నా" అని తనే మోశాడు. ఎందుకు తీసేసినవని అడగలేదు, ఎందుకు పిలిచినవని అడగలేదు. బృందంలో నన్ను ఏమీ అడగనివాడు అతనొక్కడే. ఆ సాయంత్రం శ్రుతి ఇచ్చాడు. వయొలిన్ల గొడవ ఆగిపోయింది. నేను డ్రమ్ము వాయించే అతన్ని పిలిచి, ఆ ముక్కలో డ్రమ్ము ఉన్న భాగం తీసేయమన్నాను. రాయమల్లు నావైపు ఒకసారి చూశాడు. నాకు తెలిసిందని అతనికి తెలిసిందేమో.

ఎనిమిదిన ఎన్నిక జరిగింది. నాకు ఐదు ఓట్లు వచ్చాయి. వీణ వాయించే అమ్మాయి నాయకురాలైంది. ఢిల్లీకి నేను వయొలిన్ చివరి వరుసలో పోతున్నాను. మేఘాగమనం జాబితాలో లేదు.

చెప్పులు రైలు పార్సిలులో మామయ్య పేరున వేశాను. ఒక్కొక్క జతనూ తాడుతో కట్టాను, కలిసిపోకుండా.

మీ ఉత్తరాలు ఏం చెయ్యమంటారు? చింపెయ్యనా?

ఉమా


గోదావరిఖని
18 మార్చి 1974

చిరంజీవి ఉమాకు అత్తమ్మ ఆశీస్సులు. గత నెలవి కూడా కలిపి తీసుకో.

చెప్పులు చేరాయి. మీ మామయ్య స్టేషను నుంచి రిక్షాలో తెచ్చారు. వరండాలో పరిచాను. చెప్పుల సంచి మన గడప లోపలికి వచ్చిందని మడి కట్టుకునే నా ప్రాణం ఒక గడియ గిలగిలలాడింది. తర్వాత తడిగుడ్డతో నేనే ఒక్కొక్కటి తుడిచాను. ఇన్నాళ్లు నీ ఆఫీసు గదిలో దుమ్ము కొట్టుకుపోయాయి. దేవుడి గిన్నెలు తోమే చేత్తోనే తుడిచాను. ఏమీ కాలేదు.

పక్కింటి పిల్లవాడితో కబురు పంపితే, మొదటి షిఫ్టు దిగి వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఎక్కడివి, ఎట్లా వచ్చినయి అని ఒక్కరూ అడగలేదు. తమ జత చూసుకొని, తాడు విప్పి, వేసుకొని పోయారు. ఒకతను తాడును జాగ్రత్తగా చుట్టి నాకిచ్చాడు. "ఇంత మంచిగ ఎవలు కట్టిండ్రమ్మా" అన్నాడు. మా అన్న కొడుకు అన్నాను. "చేతిల పనుంది" అన్నాడు. నీ పుల్ల చూసి ఎవరూ అనని మాట అది. దాచుకో.

చివరికి నర్సింగం వచ్చాడు. ఒక జత మిగిలింది. అడుగుకు బెల్టు రబ్బరు ముక్క కుట్టినవి. ఆయనవేనని గల్లీలో పిల్లలకు కూడా తెలుసు. చాలాసేపు చూశాడు. "నాయి కావమ్మా" అన్నాడు.

"చూడు నర్సింగం, మళ్లీ చూడు" అన్నాను.

"నేను ఏడ సుత ఇడిశిపెట్టలేదమ్మా" అన్నాడు. ఒట్టి కాళ్లతోనే పోయాడు. అబద్ధం రాని మనిషి అని నీకు రాశాను. అదొక్కటి వచ్చు.

మరునాడు పొద్దున మల్లక్క పెరుగు పోసి, ఆ జతను కొంగులో చుట్టి, గంప అడుగున పెట్టుకుంది. నేను ఒట్టు తప్పానని ఆమెకు తెలుసు. తెలియకుండా చెప్పులు హైదరాబాదు నుంచి నడిచి రావు కదా. ఏమంటుందో అని నిలబడ్డాను. "అమ్మా, రేపటి సంది ఒక గ్లాసు ఎక్కువ పోస్త. ఎండలు ముదురుతున్నయి" అంది. ఆమె నన్ను క్షమించిందో, నాతో ఇంకే మాటా చెప్పదలచుకోలేదో నాకు అర్థం కాలేదు. ప్రదోషానికి ఉపవాసం ఉంటున్నాను. దానితో ఒట్టు తిరిగి అతుకుతుందని కాదు.

నీ ఐదు ఓట్ల సంగతి చదివాను. నిన్ను మెచ్చుకుంటానని అనుకోకు. నెల రోజుల పాటు ఒక ఇంటి మీద రాళ్లు వేసి, ఒక్క సాయంత్రం చెయ్యి దించినంత మాత్రాన నీకు హారతి పట్టను. నిన్ను చూసి నవ్వినవాళ్ల మీద కూడా నాకు జాలి లేదు. నువ్వు తీసెయ్యమంటే చేతులెత్తి తీసేసింది వాళ్లే. కారణం లేకుండా ఒకణ్ణి తీసేయడానికి అందరూ ఒప్పుకున్నారు. కారణం లేకుండా తిరిగి తెచ్చుకోవడానికి నవ్వొచ్చింది. నాయకుడు లేవగానే అడగకుండా లేవడానికి వాళ్లేమీ నర్సింగం జట్టు కాదు. నువ్వు నర్సింగానివీ కాదు. కానీ ఆ రోజు కాగితం జేబులోంచి తీయలేదన్నావు. ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. అంతే రాస్తాను.

చివరి వరుసలో కూర్చుంటే పుల్ల ఎట్లా కనబడుతుందో నాకు రాయి. ఇంతకాలం నువ్వు దాన్ని ఒకవైపు నుంచే చూశావు.

ఉత్తరాలు చింపనా అని అడిగావు. చింపకు. నేను చదువుకున్నది హైస్కూలు దాకా, ఇన్ని పేజీలు నా జన్మలో మళ్లీ రాయను. ట్రంకుపెట్టె అడుగున, బట్టల కింద పెట్టుకో. ఎప్పుడైనా మళ్లీ నీ చేతికి పుల్ల ఇస్తే, పట్టుకునే ముందు రోజు తలుపు వేసుకొని చదువుకో.

ఎవరికీ చూపకు. పెళ్లాడబోయే పిల్లకు కూడా చూపకు. రాయమల్లుకు అసలే చూపకు. తండ్రి ఏడవడం తాను చూశానని అతను ఎవరికీ చెప్పలేదు. ఆ మాట మన కాగితం మీద ఉందని అతనికి తెలియకూడదు.

ఇట్లు
విశాలాక్షి అత్తమ్మ